ల్యాప్‌టాప్ కీబోర్డు: మీ వేళ్లకి ఏది నప్పుతుంది?

ల్యాప్‌టాప్ కొనేముందు ప్రాసెసర్ ఏ తరానిదో, ర్యామ్ ఎంతో, స్క్రీన్ వెలుతురు ఎంతో వరసపెట్టి చూసుకునేవాళ్లు కూడా కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి "లైటు ఉందా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టేస్తారు. కంపెనీలు ఇచ్చే వివరాల పట్టికలో కూడా దానికి దక్కేది ఒక వరసే. రోజంతా చేతులు ఉండేది మాత్రం దానిమీదే. ప్రాసెసర్ కాస్త నెమ్మదైతే ఎప్పుడో ఒకసారి తెలుస్తుంది. స్పేస్‌బార్ ఒక చివర నొక్కితే పలకలేదంటే ఆ సంగతి ప్రతి మాటకీ తెలుస్తుంది.

అందరికీ మంచిదైన కీబోర్డు అంటూ ఏదీ లేదు. ఒకరు ఎంతో హాయిగా ఉందన్నదాన్నే ఇంకొకరు వేలు కూరుకుపోతోందని విసుక్కుంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. అందుకని ఇక్కడ ఫలానా మోడల్ మొదటిది, ఫలానాది రెండోది అని చెప్పబోవడం లేదు. నా లెక్క మాత్రం ముందే చెప్పేస్తాను. నొక్కినప్పుడు ఎలా ఉంటుందన్నదానికి వేళ్లు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. కీల అమరిక మీ పనికి పొసగకపోతే మాత్రం ఏళ్లు గడిచినా తప్పులు పడుతూనే ఉంటాయి. కాబట్టి ముందు అమరిక, తర్వాత కింది పలక గట్టిదనం, ఆ తర్వాతే కీ ఎంత లోతుకి దిగుతుందన్నది చూడాలి. జనం సాధారణంగా దీనికి తలకిందులుగా చూస్తారు. అందరూ లోతు గురించే అడుగుతారు గనక అక్కడి నుంచే మొదలుపెడదాం.

కీ కింద జరిగేది

ఒక ల్యాప్‌టాప్ కీ మూత జాగ్రత్తగా ఊడదీసి చూస్తే, కింద కత్తెర ఆకారంలో రెండు సన్నటి ప్లాస్టిక్ చట్రాలు ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి. వాటి నడుమ బొడిపెలా చిన్న రబ్బరు గోపురం ఉంటుంది. దాని కింద పలచటి ప్లాస్టిక్ పొరలు. పై పొరమీదా కింది పొరమీదా విద్యుత్తు గీతలుంటాయి, మధ్య పొరలో కీకొక రంధ్రం ఉంటుంది. వేలితో నొక్కగానే రబ్బరు గోపురం కాసేపు ఎదురు నిలబడి, ఒక దశలో తట్టుకోలేక కుప్పకూలుతుంది. మనకి "టక్" అని తెలిసేది ఆ కూలడమే. కూలిన గోపురం పై పొరను రంధ్రంలోంచి కింది పొరకి తాకిస్తుంది, అక్షరం పడుతుంది. కత్తెర పని వేరు. మీరు మూత మధ్యలో నొక్కినా, మూల మీద నొక్కినా అది వంకరపోకుండా సమానంగా దిగేలా చూడటం దాని పని.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఈ దిగుడు మామూలుగా 1 నుంచి 1.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. డెస్క్‌టాప్ మెకానికల్ కీబోర్డుల్లో, అంటే ప్రతి కీకీ విడిగా స్ప్రింగు స్విచ్ ఉండేవాటిలో, దాదాపు 4 మిల్లీమీటర్లు. ఈ అంకె చూసి ఎక్కువుంటే మంచిదనుకుంటారు. కానీ ఆ అంకె చెప్పేది కీ ఎంత దూరం ప్రయాణిస్తుందన్నదొక్కటే. ఎదురు ఒత్తిడి ఎక్కడ పతాక స్థాయికి చేరుతుంది, అక్కడి నుంచి ఎంత నిటారుగా పడిపోతుంది, అడుగు తగిలినప్పుడు రాయిలా ఉందా, కొంచెం ఒదిగిందా, వదిలాక మూత వేలితోపాటు పైకొచ్చిందా, వెనకబడిందా: ఇవేవీ అందులో ఉండవు. ఒకే 1.5 మిల్లీమీటర్ల రెండు కీబోర్డులు పక్కపక్కన పెట్టి కొట్టి చూస్తే రెండూ వేరే లోకాల్లా అనిపించడానికి కారణం ఇదే. నన్నడిగితే 1.8 మిల్లీమీటర్లు ఉండి స్పాంజిలా కుంగే కీ కన్నా, 1.2 మాత్రమే ఉండి టక్కున తెగే కీ ఎంతో నయం. మొదటిదానిలో అక్షరం పడిందో లేదో వేలికి తెలియదు. కన్ను స్క్రీన్ మీదికి పరిగెత్తాల్సిందే.

ఎదురు ఒత్తిడి కూడా అంతే. ల్యాప్‌టాప్ కీలకి ఇది సుమారు 50 నుంచి 70 గ్రాముల మధ్య ఉంటుంది. 50కి దగ్గరగా ఉంటే గంటల తరబడి కొట్టినా వేళ్లు అలిసిపోవు, కానీ ఆలోచిస్తూ కీ మీద వేలు ఆనించి ఉంచే అలవాటున్నవాళ్లకి అనుకోకుండా అక్షరాలు పడుతుంటాయి. 70కి దగ్గరగా ఉంటే అలాంటి తప్పులు తగ్గుతాయి, సాయంత్రానికి చిటికెన వేలు మాత్రం గుర్తుచేస్తుంది.

రెండు కొసలు

లోతు తగ్గించడంలో ఎవరు ఎంతదాకా వెళ్లారో చూడాలంటే యాపిల్ సంగతి చెప్పుకోవాలి. 2015లో వచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో కత్తెర తీసేసి, సీతాకోకచిలుక రెక్కల్లాంటి చట్రం పెట్టారు. కీ దిగేది అర మిల్లీమీటరు చుట్టుపక్కల. 2016లో అదే చట్రం మ్యాక్‌బుక్ ప్రోలోకి కూడా వచ్చింది. ఆ కాస్త సందులో ధూళి రేణువు పడినా కీ ఇరుక్కోవడమో, ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడటమో జరిగేది. 2018 జూన్‌లో కంపెనీ ఉచితంగా బాగుచేసిచ్చే ఏర్పాటు ప్రకటించాల్సి వచ్చింది. 2019 నవంబరులో వచ్చిన 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో మళ్లీ కత్తెర తిరిగొచ్చింది, 1 మిల్లీమీటరు దిగుడుతో. 2020 మే నాటికి మిగతా మోడళ్లూ మారిపోయాయి. అమెరికాలో వినియోగదారులు వేసిన దావా 2022లో 5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది.

ఈ కథ చెప్పి "లోతు తక్కువైతే చెత్త" అని తేల్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అందులో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. ధూళికి చెడిపోవడం తయారీ లోపం, అది ఎవరికీ నచ్చదు. అంత తక్కువ దిగుడు మాత్రం కొందరికి నిజంగానే నచ్చింది. మూత ఏ మూల నొక్కినా కదలకపోవడం, వేలు తేలిగ్గా జారుతూ పోవడం వాళ్లకి హాయిగా ఉండేది. తర్వాత వచ్చిన 1 మిల్లీమీటరు కత్తెర కీబోర్డు ఆ నిలకడను చాలావరకు ఉంచుకుని, రోగాన్ని వదిలించుకుంది. తేలిక చేతివాళ్లకి ఈరోజు నేను నిస్సంకోచంగా చూపించేది ఆ తరహానే.

రెండో కొసన థింక్‌ప్యాడ్ ఉంటుంది. 1992లో ఐబీఎమ్ మొదలుపెట్టిన ఈ వరస 2005లో లెనోవో చేతికి వెళ్లింది. మూత నడుమ గుంట, కింది అంచు వంపు, కీల మధ్య కర్సర్‌ని జరిపే ఎర్ర చుక్క, కింద దృఢమైన పలక. వీటి గురించి గంటలు గంటలు మాట్లాడే అభిమానులు ప్రపంచమంతా ఉన్నారు. 2012లో ఆ కంపెనీ పాత ఏడు వరసల కీబోర్డు తీసేసి, కీల మధ్య ఖాళీలుండే ఆరు వరసల కీబోర్డు పెట్టినప్పుడు పెద్ద గోలే అయింది. ఆ గోలలో నాకు ఆసక్తిగా అనిపించేది ఒకటుంది. కొత్త కీలు కొట్టడానికి బాగానే ఉన్నాయని ఒప్పుకున్నవాళ్లు కూడా పోయిన ఆ ఏడో వరస గురించి మానలేదు. ఇన్సర్ట్, డిలీట్, హోమ్, ఎండ్, పేజ్‌అప్, పేజ్‌డౌన్ ఒకచోట గుత్తిగా ఉండేవి, చూడకుండా దొరికేవి. 2017లో పాతికేళ్ల సందర్భంగా తెచ్చిన ప్రత్యేక మోడల్‌లో ఆ ఏడు వరసలనే తిరిగి పెట్టారంటే బెంగ ఎంత గట్టిదో చూడండి. కొత్త స్పర్శకి జనం అలవాటు పడ్డారు, అమరిక మార్పుని మాత్రం క్షమించలేదు. ఇప్పటి థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి దిగుడు 1.5 మిల్లీమీటర్లకి తగ్గింది. దాని గురించి గొణుగుడు ఉంది గానీ అంత ఏడుపు లేదు.

మీది మోటు చెయ్యా, తేలిక చెయ్యా?

లోతు ఎంచుకోవడానికి ఇదొక్కటే తేల్చుకోండి చాలు. పక్క గదిలో ఉన్నవాళ్లకి మీరు టైప్ చేస్తున్నారని తెలుస్తుంటే మీది మోటు చెయ్యి. పాత టైప్‌రైటర్ మీదో, పెద్ద డెస్క్‌టాప్ కీబోర్డు మీదో నేర్చుకున్నవాళ్లలో ఇది ఎక్కువ. అక్షరం పడ్డాక కూడా వేలు ఆగదు, అడుగుదాకా వెళ్లి గుద్దుకుంటుంది. ఇలాంటివాళ్లు 1 మిల్లీమీటరు కీబోర్డు తీసుకుంటే ప్రతి అక్షరానికీ వేలి కొన బల్లని పొడిచినట్టుంటుంది. కొన్ని గంటలయ్యాక వేలి కణుపుల్లో సన్నటి సలుపు మొదలవుతుంది. వీళ్లకి 1.5 అంతకన్నా ఎక్కువ, అడుగున కొంచెం ఒదిగే గుణం ఉన్నది కావాలి. వేగం ఒక పిసరు తగ్గినా పరవాలేదు.

తేలిక చేతివాళ్ల సంగతి తిరకాసు. వేలు కీని తాకి తప్పుకుంటుంది, అడుగుదాకా పోదు. వీళ్లకి లోతైన కీబోర్డు ఇస్తే అక్షరాలు పడకుండా మిగిలిపోతాయి. "నాకే ఎందుకిలా అక్షరాలు ఎగిరిపోతున్నాయి" అని సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటుంటారు. 1 నుంచి 1.3 మధ్య, స్పష్టంగా తెగే కీలు వీళ్ల వేగాన్ని పెంచుతాయి.

రెండు వేళ్లతో చూసి కొట్టేవాళ్లకి ఈ గొడవ పెద్దగా లేదు. వాళ్లకి అక్షరాలు పెద్దగా, స్పష్టంగా అచ్చై ఉండటం, మూతల మధ్య ఎడం ఉండటం ముఖ్యం. రోజంతా స్ప్రెడ్‌షీటు నింపేవాళ్లకీ, ఈమెయిల్‌కి రెండు వాక్యాల జవాబు రాసేవాళ్లకీ కూడా లోతు అంత తేడా తేదు.

ల్యాప్‌టాప్‌లో అసలు మెకానికల్ స్విచ్‌లు పెట్టినవి కూడా ఉన్నాయి. 2015లో ఎమ్‌ఎస్‌ఐ జీటీ80 టైటన్‌లో చెర్రీ అనే కంపెనీ చేసే డెస్క్‌టాప్ తరహా స్విచ్‌లే పెట్టారు, అది ఒడిలో పెట్టుకునే యంత్రం మాత్రం కాదు. 2021లో డెల్ తన ఏలియన్‌వేర్ గేమింగ్ మోడళ్లలో చెర్రీ వాళ్లు ల్యాప్‌టాప్‌ల కోసమే చేసిన సన్నటి స్విచ్ తెచ్చింది. దాని దిగుడు 1.8 మిల్లీమీటర్లు. కొట్టడం సరదాగా ఉంటుంది, అనుమానం లేదు. మీటింగులో కూర్చుని నోట్సు రాసుకునే పని ఉన్నవాళ్లు, ఇంట్లో అందరూ పడుకున్నాక రాసేవాళ్లు వాటి జోలికి పోకపోవడం మేలు. ఆ చప్పుడు వేలికి మజా, పక్కవాళ్లకి సజా. గేమ్స్ కోసం కొనేవాళ్లు మాత్రం దిగుడు కన్నా ఇంకోటి అడగాలి. మామూలు పొరల కీబోర్డుల్లో ఒకేసారి మూడు నాలుగు కీలు నొక్కితే కొన్ని కలయికలు పలకవు. అన్ని కీలూ ఏకకాలంలో పలుకుతాయా లేదా అన్నది అక్కడ అసలు విషయం.

కింది పలక

రెండు చూపుడు వేళ్లూ జీ, హెచ్ కీల మీద పెట్టి మామూలు కన్నా కొంచెం గట్టిగా నొక్కండి. కీ ఆగినచోట కీబోర్డు ఆగిందా? ఆగకుండా పలక మొత్తం పళ్లెంలా కిందికి వంగితే అది వదిలేయండి. ఎంత మంచి స్విచ్ పెట్టినా పలక ఊగితే వేలికి అడుగు దొరకదు, చప్పుడు కూడా డొల్లగా వస్తుంది. వివరాల పట్టికలో ఈ సంగతి ఎక్కడా రాయరు. కాకపోతే పది సెకన్లలో తేలిపోయే పరీక్ష. నా వరకు తక్కువ లోతుని భరిస్తాను గానీ ఊగే పలకని భరించలేను. వేళ్లు లోతుకి అలవాటు పడతాయి. పలక వంపు మాత్రం మధ్యలో ఒకలా, అంచుల్లో ఒకలా ఉంటుంది, వేళ్లు దేనికని అలవాటు పడతాయి?

అమరిక: ఇక్కడ తొందరపడొద్దు

బాణం కీలతో మొదలుపెడదాం. పైబాణం ఒంటరిగా పైన, కిందివరసలో మూడు, చుట్టూ ఖాళీ ఉండే అమరికైతే వేలు చూడకుండా వెళ్తుంది. చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఎడమ, కుడి బాణాలు నిండు ఎత్తులోనూ, పైవి కిందవి సగం సగం ఎత్తులోనూ పెడతారు. ఫొటోలో చూడటానికి ముచ్చటగా ఉంటుంది. వేలు తడిమినప్పుడు మాత్రం ఎక్కడా ఖాళీ తగలదు, ఎక్కడ ఉన్నానో తెలియదు. మధ్యలో సగం కీలు రెండూ ఒకటే అనిపిస్తాయి. రాసినదాన్ని దిద్దుకుంటూ కూర్చునేవాళ్లకి, కోడ్ రాసేవాళ్లకి ఇది రోజూ గుచ్చుకునే ముల్లు. యాపిల్ కూడా 2015 ప్రాంతంలో నిండు ఎత్తుకి మారి, 2019లో మళ్లీ ఖాళీలున్న అమరికకే వచ్చింది. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో పైబాణాన్ని కుడి షిఫ్ట్‌కి ఎడమ పక్కన ఇరికిస్తారు. కుడి చిటికెన వేలితో షిఫ్ట్ నొక్కబోతే కర్సర్ పైవరసలోకి ఎగురుతుంది, తర్వాతి మాట ఇంకెవరి వాక్యంలోనో దూరుతుంది. అలాంటిది ఉచితంగా ఇచ్చినా నేను వద్దనే అంటాను.

తర్వాత హోమ్, ఎండ్. రాతపని ఉన్నవాళ్లు వీటిని లెక్కలేనన్నిసార్లు వాడతారు. విడిగా ఉంటే మేలు. ఎఫ్‌ఎన్ (ఫంక్షన్) కీతో కలిపి బాణాల మీద ఉంటే కూడా నడుస్తుంది, అలవాటవుతుంది. మ్యాక్‌బుక్‌లలో అవి విడి కీలుగా లేవు. కమాండ్‌తో కలిపి ఎడమ, కుడి బాణాలు నొక్కుతారు. కొన్ని మోడళ్లలో కుడి అంచు వెంట ఎంటర్, బ్యాక్‌స్పేస్‌లకి అవతల వీటిని నిలువు వరసగా పేరుస్తారు. ఇక్కడ జాగ్రత్త. మనలో చాలామంది ఎంటర్‌ని కంటితో వెతకరు, కీబోర్డు కుడి అంచుని చేత్తో పసిగట్టి కొడతారు. అంచున ఇంకో వరస ఉంటే బ్యాక్‌స్పేస్ అనుకున్నది హోమ్ అవుతుంది. ఒక్కటే ల్యాప్‌టాప్ వాడేవాళ్లు నిదానంగా సర్దుకుంటారు. ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి వాడేవాళ్లు మాత్రం ఏ రెండు కీబోర్డులకీ పూర్తిగా అలవాటు పడరు.

పవర్ బటన్ బ్యాక్‌స్పేస్ పైన, డిలీట్ పక్కన ఉన్నవీ వస్తున్నాయి. అది మిగతా కీలకన్నా గట్టిగా నొక్కితేనే పనిచేసేలా ఉంటే పరవాలేదు. అన్నిటిలా ఉంటే సెట్టింగుల్లోకి వెళ్లి దాని పని తీసెయ్యడం మొదటి రోజు చెయ్యాల్సిన పని.

ఎడమ కింద మూలన కంట్రోల్ ఉందా, ఎఫ్‌ఎన్ ఉందా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాపీ, పేస్టులతో బతికేవాళ్లకి కాదు. థింక్‌ప్యాడ్‌లలో చాలా ఏళ్లు మూలన ఎఫ్‌ఎన్ ఉండేది, బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందు కనిపించే సెట్టింగుల్లో, రెండిటినీ అటూఇటూ మార్చుకునే వీలు ఇచ్చారు. 2024లో వచ్చిన కొన్ని మోడళ్లలో కంట్రోల్ మూలకి చేరింది. మ్యాక్‌బుక్‌లో మూలన ఎఫ్‌ఎన్ ఉన్నా బాధ లేదు, ఎందుకంటే అక్కడ కాపీకి బొటనవేలితో కమాండ్ నొక్కుతారు. చిటికెన వేలికి విశ్రాంతి కావాలనుకునేవాళ్లకి ఇదొక్కటే మ్యాక్ వైపు మొగ్గడానికి చాలిన కారణం అంటే అతిశయోక్తి అనిపించొచ్చు, కానీ రోజంతా ఎడిటింగ్ చేసేవాళ్లని అడిగి చూడండి.

పైవరస ఎఫ్ కీలను తీసేసి వాటి స్థానంలో తాకే గాజు పట్టీ పెట్టే ప్రయత్నాలు రెండు గట్టిగా జరిగాయి. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో టచ్ బార్ వచ్చింది, ఎస్కేప్ కీ కూడా అందులోకే పోయింది. ప్రోగ్రామర్లు మొత్తుకుంటే 2019లో ఎస్కేప్ విడిగా తిరిగొచ్చింది, 2021 మోడళ్లతో ఆ పట్టీ 14, 16 అంగుళాలవాటిలో పోయింది. 2022లో డెల్ ఎక్స్‌పీఎస్ 13 ప్లస్‌లో పైవరస తాకే పట్టీగా వచ్చింది, కీల మధ్య ఖాళీలు కూడా దాదాపు లేకుండా చేశారు. మూతలు పెద్దవైతే గురి తప్పదని దాని వెనక ఆలోచన. ఖాళీ లేకపోతే వేలు ఎక్కడుందో తెలియదన్నది నా ఫిర్యాదు. దీన్ని మాత్రం చేత్తో తాకి చూడకుండా కొనొద్దు.

నంబర్ ప్యాడ్ గురించి ఒక మొండి అభిప్రాయం ఉంది నాకు. రోజూ అంకెలు పోసేవాళ్లకి, అంటే ఖాతాలు, బిల్లులు, మార్కులు, స్టాకు లెక్కలు చూసేవాళ్లకి, అది ఉండి తీరాలి. మిగతా అందరికీ అది భారం. అది ఉన్న 15, 16 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అక్షరాల కీలు మొత్తం ఎడమకి జరుగుతాయి. స్క్రీన్ మధ్యలో ఉంటుంది, మీ చేతులు పక్కన ఉంటాయి, ఒళ్లు కొంచెం మెలితిరిగి కూర్చుంటారు. పైగా చోటు చాలక ఆ ప్యాడ్ కీలను మామూలు కీలకన్నా సన్నగా చేస్తారు కొందరు, అప్పుడు అంకెలవాళ్లకీ సుఖం ఉండదు. మ్యాక్‌బుక్ ప్రో 16, ఎక్స్‌పీఎస్ 15 లాంటివి పెద్దవైనా ప్యాడ్ లేకుండానే వచ్చాయి. ఫ్రేమ్‌వర్క్ 16లో కీబోర్డుని మధ్యకి జరుపుకోవచ్చు, ప్యాడ్‌ని కావాలంటే కుడివైపో ఎడమవైపో బిగించుకోవచ్చు. ఇంత సులువైన పరిష్కారం మిగతావాళ్లకి ఎందుకు తట్టలేదో!

కీకి కీకి మధ్య దూరం, అంటే ఒక కీ నడిమి నుంచి పక్క కీ నడిమికి, మామూలుగా 19 మిల్లీమీటర్లు. 13 అంగుళాలు, ఆపైన ఉన్నవాటిలో అక్షరాల కీలకి దాదాపు ఇదే ఉంటుంది. అంతకన్నా చిన్నవాటిలో ఇది తగ్గుతుంది, పెద్ద చేతులవాళ్లకి వేళ్లు ఒకదానిమీదొకటి పడతాయి. అక్షరాలకి 19 ఇచ్చి, కుడివైపున్న బ్రాకెట్లు, సెమికోలన్, కొటేషన్ కీలని నలిపేసే మోడళ్లూ ఉన్నాయి. కోడ్ రాసేవాళ్లు అక్కడే ముందు చూడాలి.

తెలుగు టైప్ చేసేవాళ్లకి

ఇంగ్లిషు కోసం రాసిన సమీక్షల్లో ఈ ముక్క దొరకదు. తెలుగు టైపింగ్‌లో షిఫ్ట్ వాడకం ఎక్కువ. భారతీయ భాషలకి ప్రభుత్వం నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో కే కీ నొక్కితే క, షిఫ్ట్‌తో ఖ. డీ నొక్కితే పొల్లు, షిఫ్ట్‌తో అ. ఖ, ఘ, ఛ లాంటి ఒత్తి పలికే హల్లులన్నిటికీ, పదం మొదట్లో వచ్చే అచ్చులన్నిటికీ షిఫ్ట్ కావాలి. ఇంగ్లిషు అక్షరాలతో రాసి తెలుగులోకి మార్చుకునే పద్ధతుల్లో కూడా చాలావాటిలో ట, ణ, ళ రాయాలంటే పెద్దక్షరమే. అంటే ఎడమ, కుడి షిఫ్ట్‌లు రెండూ వెడల్పుగా, ఏ చివర నొక్కినా పలికేలా ఉండాలి. ఎంటర్ నిలువుగా పెద్దగా ఉండే యూరప్ తరహా అమరికలో ఎడమ షిఫ్ట్ సగానికి కుదించి పక్కన ఇంకో కీ పెడతారు. ఇంగ్లిషు రాసేవాళ్లు దాన్ని తేలిగ్గా దాటేస్తారేమో గానీ మనకి అది ప్రతి వాక్యంలోనూ తగులుతుంది. డీ కీ సంగతి కూడా చూడండి. ఇన్‌స్క్రిప్ట్ వాళ్లకి ప్రతి ఒత్తుకీ పొల్లు పడాలి గనక అది బాగా అరిగే కీ.

ఇంకోటి. కుడి ఆల్ట్, కుడి కంట్రోల్‌లకి కొత్త అక్షరాలో, భాష మార్పో పెట్టుకునే అలవాటున్నవాళ్లు స్పేస్‌బార్‌కి కుడివైపు ఏమున్నాయో లెక్కపెట్టుకోవాలి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన కోపైలట్ కీ (వాళ్ల ఏఐ సహాయకుడిని పిలిచేది) చాలా మోడళ్లలో కుడి కంట్రోల్ స్థానాన్నే ఆక్రమించింది.

గబగబా ఇంకొన్ని

లైటు విషయంలో వెండి రంగు కీల మీద తెల్ల లైటు పగటిపూట అక్షరాలని మాయం చేస్తుంది. నల్ల కీలు, తెల్ల అక్షరాలు ఎప్పుడూ గెలుస్తాయి. మూత మధ్యలో చిన్న గుంట ఉంటే వేలు నడిమికి తనంతట తానే చేరుతుంది, చదునుగా ఉంటే చేరదు. బాగుచేయించడం మాటకొస్తే, చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డుని పై చట్రానికి ప్లాస్టిక్ కరిగించి అతికిస్తారు. ఒక కీ పోతే చట్రమంతా మార్చాలి. స్క్రూలు విప్పి కీబోర్డు ఒక్కటే మార్చుకునే వీలున్నది దొరికితే, ముఖ్యంగా మోటు చేతివాళ్లకి, అది పెద్ద ఊరట. కాఫీ ఒలికితే కిందికి పారిపోయే దారి ఉన్న మోడళ్లు ఎక్కువగా ఆఫీసు కోసం చేసేవాటిలో దొరుకుతాయి.

కొట్టి చూడటం ఎలా

షోరూమ్‌లో నిలబడి కొట్టి చూస్తే ఏమీ తెలియదు. నిలబడినప్పుడు మణికట్టు పైనుంచి కిందికి వంగుతుంది, ఏ కీబోర్డైనా లోతుగానే అనిపిస్తుంది. కుర్చీ అడగండి. నోట్‌ప్యాడ్ తెరిచి, మీకు కంఠతా వచ్చిన పేరా ఏదైనా రాయండి, కొత్తగా ఆలోచించి రాయొద్దు. కీబోర్డు వైపు చూడకుండా రాయండి. ఎన్నిసార్లు బ్యాక్‌స్పేస్ వైపు చెయ్యి వెళ్లిందో గమనించండి, అంతకన్నా ముఖ్యంగా ఏ కీల దగ్గర వెళ్లిందో. అన్నిచోట్లా కొంచెం కొంచెం తప్పులు పడితే అది కొత్త స్పర్శ వల్ల, పోతుంది. ఒకే చోట, అంటే ఎంటర్ దగ్గరో, కుడి షిఫ్ట్ దగ్గరో, మళ్లీ మళ్లీ పడితే అది అమరిక వల్ల, పోదు. తర్వాత స్పేస్‌బార్‌ని రెండు చివర్లా, షిఫ్ట్‌ని, బ్యాక్‌స్పేస్‌ని మూలల్లో నొక్కి చూడండి. కీ వెడల్పు ఎక్కువైనకొద్దీ చవకబారుతనం అక్కడే బయటపడుతుంది. చివరగా పేరాలో మూడు నాలుగుచోట్లకి బాణాలతో వెళ్లి, ఒక్కో మాట దిద్ది రండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఈ అవకాశం లేదు. అయినా సగం పని చూపుతోనే అయిపోతుంది. నేరుగా పైనుంచి తీసిన ఫొటో వెతికి పెద్దది చేసుకోండి. బాణాలు, రెండు షిఫ్ట్‌లు, ఎంటర్‌కి అవతల ఏముంది, స్పేస్‌బార్‌కి కుడివైపు ఏముంది, పవర్ బటన్ ఎక్కడ: ఈ అయిదూ అందులో కనిపిస్తాయి. తేడా అనిపిస్తే సమీక్షలు ఎంత పొగిడినా పక్కన పెట్టండి. అమరిక నచ్చితే అప్పుడు లోతు, పలక గురించి సమీక్షలు చదవండి. రాసినవాళ్లది మోటు చెయ్యా, తేలిక చెయ్యా అన్నది వాళ్లు ఇంతకుముందు ఏ కీబోర్డుని మెచ్చుకున్నారో చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పటికే నచ్చనిది కొనేసి ఉంటే, కీల పనులు మార్చుకునే సాఫ్ట్‌వేర్‌తో కొంత సర్దుకోవచ్చు. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్లే ఇచ్చే పవర్‌టాయ్స్, మ్యాక్‌లో క్యారబినర్ ఉచితంగా దొరుకుతాయి. ఎంటర్ అవతలి హోమ్, ఎండ్ వరసని పనిచెయ్యకుండా చేసేసినా సగం తలనొప్పి తగ్గుతుంది. సగం ఎత్తు బాణాలని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పెంచలేదు. టేబుల్ దగ్గరే ఎక్కువ పని చేసేవాళ్లు విడి కీబోర్డు ఒకటి తగిలించుకుని ల్యాప్‌టాప్‌ని కంటి ఎత్తుకి లేపి పెట్టుకోవచ్చు, మెడకి కూడా అదే మంచిది.